లెక్కలకు బదులు సంగీతం

ఆగస్టు 9

అన్నయ్యా,

నేను చెబుతుంటే అమ్మ రాస్తోంది. ఆస్పత్రి లాండ్రీ నుంచి ఇప్పుడే వచ్చింది. చేతులు ఇంకా బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. (కడుక్కున్నాను - అమ్మ.) కాగితం మీద మరకలుంటే అవి మాత్రం నావి కావు.

మీ సొరంగం ఎంతవరకు వచ్చింది? ఫోను అందని చోట వీడెలా ఉంటున్నాడో అని నాన్న అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అంటాడు. ఫ్యాక్టరీలో నాన్నకి ఇంకా రెండో షిఫ్టే.

ఇక నా సంగతులు. పదో తరగతి మొదలైన దగ్గర్నుంచి మా లెక్కల టీచరుగారు బోర్డు మీద రాసేదంతా నోటితో కూడా చెబుతున్నారు. మరిచిపోతే నేను బల్ల మీద వేలితో కొడతాను. ఆవిడ "సరే సరే" అని మళ్లీ మొదలుపెడతారు. వెనక బెంచీవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఊరికే పెట్టావా నువ్వు నాకు గునపం అని పేరు?

నిన్న హెడ్మాస్టరుగారు నన్నూ అమ్మనూ తన గదికి పిలిచారు. చూపు లేనివాళ్లు లెక్కల పరీక్షకు బదులు సంగీతం రాయొచ్చట. "బొమ్మలూ గ్రాఫులూ, నీకెందుకమ్మా ఈ తిప్పలు" అన్నారు. మంచాయనే. కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టారు. ఆయన చెప్పారు కదా అని లెక్కలు మానేస్తాను. నా గొంతు సంగతి నీకు తెలుసు. నేను పాడితే నువ్వు దిండు కింద తల దూర్చేవాడివి.

ఉత్తరం రాయి. నువ్వు రాసేవి అమ్మ చదివి వినిపిస్తుంది కాబట్టి బుద్ధిగా రాయి.

నీ గునపం


ఆగస్టు 24

గునపమా,

నీ ఉత్తరం సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా పక్కన కూర్చుని వచ్చింది. వాసన బట్టి చూస్తే దారంతా ఇద్దరూ బాగా కబుర్లు చెప్పుకున్నట్టున్నారు.

ఇక్కడ కొండకి రెండు వైపుల నుంచీ తవ్వుతున్నారు. లోపలికి గాలి పంపే పెద్ద ఫ్యాన్లు చూసుకోవడం నా పని. ఫ్యాను ఆగితే లోపలున్న వాళ్లంతా పని ఆపి బయటికి రావాలి. వచ్చి నా వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపుకి భయపడే వైర్లన్నీ రోజుకి రెండుసార్లు తడిమి చూసుకుంటాను.

నువ్వు లెక్కలు మానేసి సంగీతం తీసుకుంటున్నావని చదివి గుండెల మీంచి బరువు దించినట్టయింది. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. ఆ జ్వరం వచ్చి చూపు పోయాక కూడా నువ్వు లెక్కలు పట్టుకుని వేలాడుతుంటే నాకు దిగులుగా ఉండేది. కనపడని త్రిభుజంతో కుస్తీ పట్టి, ఓడిపోయి, ఏడుస్తావేమోనని. నీ అంతట నువ్వే తెలుసుకున్నావు. అదీ తెలివంటే. గొంతు సంగతి అంటావా, సాధన చేస్తే అదే దారికి వస్తుంది. ఏదైనా వాయిద్యం కొనుక్కోవాలంటే చెప్పు, పంపిస్తాను.

అమ్మా, దీన్ని నువ్వు కొంచెం గట్టిగా మెచ్చుకో. నువ్వు ఎవరినీ మెచ్చుకోవు.

అన్నయ్య


సెప్టెంబరు 6

అన్నయ్యా,

ఈ చేతిరాత అమ్మది కాదు. మా పై వాటాలో ఉండే ఎనిమిదో తరగతి అమ్మాయిది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని బడిలో టకటక అంటారు. అలాగే రాయమంటే తనే నవ్వుకుంటూ రాస్తోంది.

నేను లెక్కలు మానేస్తాను అనలేదు. "ఆయన చెప్పారు కదా అని లెక్కలు మానేస్తానా" అన్నాను. అమ్మ "మానేస్తాను" అని రాసింది. నీ జవాబు తనే చదువుతూ, ఆ ముక్క దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "నువ్వు అలాగే అన్నావనుకున్నానే" అంది. కావాలని చేయలేదు. తనకి ఏం వినాలని ఉందో అది వినపడింది. ఆ రోజు కడిగిన పళ్లేలే మళ్లీ కడిగింది.

అమ్మ మీద నాకు కోపం లేదు. చెవి పొరపాటు. కానీ నువ్వు రాసింది పొరపాటు కాదు. "ఇన్నాళ్లూ చెప్పలేదు" అని నువ్వే రాశావు. ఇంట్లో అందరూ మానేయమన్నా అన్నయ్య మాత్రం నా వైపు ఉన్నాడనుకునేదాన్ని. నువ్వు అలా అనుకుంటున్నావని నాకు తెలియకపోయినా బాగుండేది.

ఇంకో సంగతి. సంగీతం రాసినవాళ్లకి పై చదువుల్లో లెక్కలు ఇవ్వరు. ఆ తలుపు మూసేస్తారు. ఇది హెడ్మాస్టరుగారు చెప్పలేదు, నేను అడిగితే టీచరుగారు చెప్పారు.

వాయిద్యం ఏదీ వద్దు.

చెల్లి


అక్టోబరు 10

గునపమా,

లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. నీ ఉత్తరం లేదు. పోయిన నెల నేను రాసింది అందిందా? అందినా చదవనివ్వలేదేమో. చదువుతున్న టకటకమ్మా, ఇది కాస్త మెల్లగా చదివి పెట్టు.

నేను అలా అనుకున్న మాట నిజం. ఇప్పుడు కాదంటే నువ్వు నమ్మవు. నువ్వు ఓడిపోతావని కాదు నా భయం, నువ్వు ఓడిపోతే నీకేం చెప్పాలో నాకు తెలియదని. రెండేళ్ల కిందట ఆస్పత్రిలో నువ్వు "లైటు వేయండి" అన్నప్పుడు గదిలో లైటు వెలుగుతూనే ఉంది. నాకు నోట మాట రాలేదు. మళ్లీ అలాంటి చోట నిలబడాలంటే భయం. అంతే.

మొన్న ఒక పని చేశాను. నా గదిలో ఉండే వెల్డరు తన కూతురి పాఠ్యపుస్తకం తెచ్చుకున్నాడు. ఇంటికి పోయినప్పుడు ఆ పిల్ల ముందు పరువు పోకూడదని చదువుతున్నాడు. నేను గోడ వైపు తిరిగి, వాడిని ఒక లెక్క చదవమన్నాను. మూడో వరస వచ్చేసరికి మొదటి వరస మరిచిపోయాను. వాడు నవ్వాడు. నువ్వు ఎలా చేస్తావు? ఎగతాళికి కాదు, నిజంగా అడుగుతున్నాను.

ఒక తీగ పంపుతున్నాను. ఆ పుస్తకంలోని y = x² బొమ్మ చూసి గట్టి రాగి తీగని అలా వంచాను. వేలితో తడిమి చూడు. నచ్చకపోతే బట్టలారేసుకోండి.

అన్నయ్య


నవంబరు 2

అన్నయ్యా,

అలిగి రాయలేదనుకున్నావు కదూ. మొదటి వారం అలకే. తరవాత టకటకకి అమ్మవారు పోసి మూడు వారాలు మంచం మీద ఉంది. అమ్మని రాయమని అడగడానికి నాకు మొహమాటం, రాస్తాననడానికి అమ్మకి మొహమాటం. అలా ఇద్దరం ఒకరి పక్కన ఒకరం కూర్చుని నీకు ఉత్తరం రాయలేదు.

నీ తీగ అందింది. అది y = x² కాదు. సైకిల్ హ్యాండిల్. మధ్య నుంచి ఒక అంగుళం పక్కకి జరిగితే ఒక అంగుళం ఎత్తు, రెండంగుళాలు జరిగితే నాలుగు ఎత్తు ఉండాలి. నీది రెండున్నర దగ్గరే అలిసిపోయింది. టకటకా నేనూ కలిసి సరిచేశాం. ఇప్పుడు బాగుంది. టీచరుగారు దాన్ని క్లాసులో అందరికీ చూపించారు. మెత్తటి అట్ట మీద గుండుసూదులు గుచ్చి, దారం కట్టి గ్రాఫులు చేసి పెడుతున్నది కూడా ఆవిడే. తిన్నటి దారం ఒకటి నీ తీగని ఒక్క చోట తాకి వెళ్లిపోతుంది చూడు, అక్కడ వేలు పెడితే, రెండూ ఒకే దిక్కుకి పోతున్నట్టు ఉంటుంది, మరుక్షణం విడిపోతాయి. కళ్లున్నప్పుడు నేను దీన్ని గమనించలేదు.

ఎలా చేస్తానని అడిగావు. మొదట్లో నాకూ మూడో వరసకి మొదటిది పోయేది. చుక్కల లిపిలో ముఖ్యమైన వరసలు పొడుచుకుంటాను. మిగతాది తలలో. దాని కన్నా కష్టం చెప్పడం. పరీక్షలో నేను చెబుతుంటే నా కన్నా చిన్న తరగతి పిల్ల రాయాలి. "ఎక్స్ ప్లస్ మూడు స్క్వేర్" అన్నాననుకో, స్క్వేర్ మూడుకా, మొత్తానికా? చెప్పే నాకు తెలుసు, రాసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? అందుకని మేం ఒక భాష పెట్టుకున్నాం. "తలుపు తీయి, ఎక్స్ ప్లస్ మూడు, తలుపు వేయి, తలుపు మీద స్క్వేర్." ఇప్పుడు టకటక ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతోందట. వాళ్లమ్మ తలుపు వేయమంటే దేని మీద స్క్వేర్ అని అడిగిందట.

ఆస్పత్రి సంగతి నువ్వు రాసింది విన్నాను. ఆ రోజు నువ్వు ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకున్నావు. అది చాలింది. నాకేమీ చెప్పనక్కర్లేదు, ఎప్పుడూ.

గునపం


జనవరి 12

గునపమా,

ఈసారి నీకు చెప్పకుండా ఒక పని చేశాను, మంచి పనే. పరీక్షల కార్యాలయానికి ఉత్తరం రాశాను. మా చెల్లెలు నోటితో చెప్పి రాయించాలి, తనతో చదువు పంచుకునే పిల్ల రాస్తుంది, అయినా అందరికన్నా ఎక్కువ సమయం పడుతుంది, దయచేసి అదనపు సమయం ఇప్పించండి అని. మా ఇంజనీరుగారి చేత దిద్దించాను కూడా. ఆయన నా వాక్యాలు సగం కొట్టేశాడు. మిగిలిన సగం బాగానే ఉంది.

ఇక్కడ చలి. ఫ్యాన్లకి పని తగ్గదు. వెల్డరు ఎనిమిదో పాఠానికి వచ్చాడు. నన్ను సందేహాలు అడుగుతున్నాడు. నేను నిద్ర నటిస్తున్నాను.

అన్నయ్య


ఫిబ్రవరి 8

అన్నయ్యా,

కార్యాలయం నుంచి జవాబు బడికి వచ్చింది. ఒక గంట ఎక్కువ ఇచ్చారు. దానికి నీకు దండం. దాని కింద ఇంకో వాక్యం ఉంది. తెలిసిన పిల్ల రాయకూడదట. వేరే బడి నుంచి వాళ్లే పంపుతారట. ఆ పిల్ల ఎవరో పరీక్ష గదిలోనే తెలుస్తుంది.

టకటక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆరు నెలలుగా మేం కట్టుకున్న భాష ఇద్దరికే వచ్చు. నువ్వు ఊరుకుని ఉంటే ఎవరూ అడిగి ఉండేవారు కాదు. ఇది తిట్టు కాదు. తిట్టే. ఒక్కసారి నన్ను అడిగి రాయకూడదా? నేను కూడా ఉత్తరాలు రాయించగలను.

(ఇది రాస్తున్నది నేనే, అమ్మని. తిట్టు అన్న మాట కొట్టేయనా అని అడిగితే వద్దంది.)

అమ్మ చేతిరాత చూసి ఆశ్చర్యపోయావా? టీచరుగారు ఒక ఉపాయం చెప్పారు. తెలిసినవాళ్లతో కాదు, లెక్కలు రాని కొత్తవాళ్లతో రోజూ సాధన చేయమన్నారు. ఇంటికి వచ్చే ఎవరినీ వదలడం లేదు. పేపర్లు కొనేవాడు ఒక లెక్క రాసి వెళ్లాడు. కరెంటు రీడింగు తీసే అతను రెండో వరసలో పారిపోయాడు. పోయిన వారం అమ్మే వచ్చి కూర్చుంది. "నాతో చెయ్యి. నా కన్నా లెక్కలు రానివాళ్లు నీకు ఎక్కడా దొరకరు" అంది.

మొదటి రోజు గొడవే. నేను "మైనస్" అంటే గీత ఎంత పొడుగు గీయాలని అడుగుతుంది. నేను కసిరాను. "తెలియనివాళ్లకి చెప్పడమే కదా నువ్వు నేర్చుకోవాల్సింది, కసరకు" అంది. నిజమే. ఇప్పుడు రోజూ భోజనాల ముందు ఒక గంట కూర్చుంటున్నాం. నిన్న ఒక పెద్ద లెక్క అయ్యాక కాగితం అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడైంది. తరవాత "ఇదంతా నీ తలలో ఉందా" అంది.

ఆ వాక్యం నేను చెప్పకముందే అమ్మ రాసేసింది.

గునపం


మార్చి 1

గునపమా,

నీ తిట్టు అందింది. కొట్టేయకుండా ఉంచినందుకు అమ్మకి చెప్పు.

ఏం చేస్తే దాన్ని వెనక్కి తిప్పగలనా అని ఆలోచించి, మళ్లీ కార్యాలయానికి రాయబోయి, కలం మూసేశాను. ఇకమీద నువ్వు అడిగితే తప్ప నీ తరఫున ఒక్క అక్షరం రాయను.

నిన్న సొరంగం రెండు కొసలూ కలిశాయి. పని ఆపేసి అందరం లోపలికి వెళ్లి నిలబడ్డాం. అవతలివాళ్ల డ్రిల్లు చప్పుడు మొదట రాయి లోంచి వినపడింది, తరవాత చిన్న కంత, అందులోంచి ఎవరిదో చెయ్యి. వెల్డరు ఆ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. రెండు దారుల మధ్య జానెడే తేడా వచ్చింది. ఇంజనీరుగారు ఆ జానెడుకే మురిసిపోయాడు. ఏడాదిగా ఈ కొండ లోపల ఎవరికీ ఏమీ కనపడలేదు గునపమా. అయినా రెండు వైపుల వాళ్లూ లెక్క చెప్పిన చోటికే వచ్చారు. పోయిన ఆగస్టులో నీకు ఆ ఉత్తరం రాసినప్పుడు కూడా నేను ఈ కొండ కిందే ఉన్నాను. ఈ ముక్క తట్టలేదు.

పరీక్ష బాగా రాయించు.

అన్నయ్య


ఏప్రిల్ 3

అన్నయ్యా,

అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. టకటక రాస్తోంది.

మమ్మల్ని విడిగా ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. సున్నం వాసన, ఒక మూల నుంచి నీళ్లు కారే చప్పుడు. కాపలాకి ఒక మేడమ్. రాయడానికి వచ్చిన పిల్లది ఎనిమిదో తరగతి. బల్ల మీద తన చెయ్యి తగిలితే తడిగా ఉంది.

"అక్కా, నాకు లెక్కలు రావు" అంది, ఏడుపు గొంతుతో.

"మంచిదే" అన్నాను. "వస్తే నేను చెప్పింది కాకుండా నీకు తెలిసింది రాస్తావు."

మొదట ప్రశ్నపత్రం ముట్టుకోలేదు. తలుపు తీయడం, వేయడం, ఒక సంఖ్య మీద ఇంకో సంఖ్య ఎక్కించడం, గీత కింద రాయడం, అన్నీ నేర్పాను. మేడమ్ "టైము పోతోందమ్మా" అన్నారు. పోతోందని నాకూ తెలుసు. అమ్మతో కూర్చున్న ఆ గంటలు లేకపోతే నేను ఆ పిల్లని కసిరేదాన్ని. కసరలేదు.

వృత్తం బయట ఉన్న బిందువు నుంచి వృత్తాన్ని తాకుతూ రెండు గీతలు గీస్తే అవి సమానమని నిరూపించాలి. బొమ్మ తప్పనిసరి. ఆ పిల్లకి వృత్తం గీయడం తప్ప ఏమీ రాదు. "గడియారం అనుకో" అన్నాను. "మధ్యలో చుక్క. పన్నెండు దగ్గర ఒక చుక్క, నాలుగు దగ్గర ఒక చుక్క. ఇప్పుడు రెండు దగ్గర నుంచి బయటికి దూరంగా ఒక చుక్క పెట్టి, దాన్ని మిగతా మూడింటికీ కలుపు. మధ్య చుక్కని పన్నెండుకీ నాలుగుకీ కలుపు." గీసింది. నేను మెల్లగా చెప్పుకుంటూ వచ్చాను. రెండు త్రిభుజాలు. మధ్య గీత రెండింటిదీ. వృత్తం లోపలి గీతలు రెండూ ఒకే పొడుగు. తాకే చోట రెండు మూలలూ లంబకోణాలు. అక్కడ పెన్ను ఆగింది.

"అక్కా, అయితే ఆ రెండు గీతలూ ఒకటే కదా" అంది.

నేను ఇంకా చెప్పలేదు. ఆ పిల్లకి తనంతట తనకే కనపడింది. మేడమ్ "మాటలొద్దు" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తరవాతి వరసలు చెబుతుంటే ఆ పిల్ల పెన్ను ఒకటే పరుగు.

అయినా చివరి పెద్ద ప్రశ్న మిగిలిపోయింది. నాకు వచ్చిన లెక్కే. మూడు వరసలు చెప్పేసరికి గంట కొట్టారు. ఇంటికి వచ్చి పూర్తిగా చేసి చూసుకున్నాను. మొదటి వరసకే ఏడుపొచ్చింది, చివరిదాకా చేశాను. జవాబు సరిగ్గా వచ్చింది.

ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ నా జడ సరిచేసి వెళ్లింది. పేరు అడగడం మరిచిపోయాను.

గునపం


జులై 20

అన్నయ్యా,

ఫలితం వచ్చిన రోజు తంతి పంపినట్టు నాలుగు ముక్కల్లో నీకు చెప్పాం కదా, లెక్కల్లో అరవై ఎనిమిది. నువ్వు వెల్డరుని ఎత్తుకుని తిప్పావని రాశావు. ఆయన నడుం ఎలా ఉంది? ఆ తరవాతి సంగతులు ఇప్పుడు.

కాలేజీలో లెక్కల గ్రూపు అడగడానికి అమ్మా టీచరుగారూ నేనూ వెళ్లాం. ప్రిన్సిపాలుగారు మార్కులు చూశారు. తరవాత నన్ను చూశారు కాబోలు, కాగితం బల్ల మీద పెట్టేసిన చప్పుడైంది. "ఇక్కడ అంతా బోర్డు మీద జరుగుతుందమ్మా. ఇంతవరకూ ఇలాంటి విద్యార్థిని మేం తీసుకోలేదు" అన్నారు. టీచరుగారు ఏదో చెప్పబోయారు. అమ్మ అడ్డం వచ్చింది.

"మీరు పాఠం బోర్డుకి చెప్తారా సార్, పిల్లలకి చెప్తారా?"

(ఆయన్ని అవమానించాలని కాదు నాయనా, నాకు నిజంగానే తెలియక అడిగాను - అమ్మ.) ఆయనకి కోపం వచ్చిందనుకున్నాను. కుర్చీ వెనక్కి జరిపి "ఎవరక్కడ, ఫారం తీసుకురండి" అన్నారు. ఈ టర్ము చూసి, అప్పుడు ఖాయం చేస్తారట. చూడనీ.

క్లాసులు మొదలై వారమైంది. లెక్చరరుగారిది కొత్త ఉద్యోగం, మాట తక్కువ. బోర్డు మీద సుద్దముక్క చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. రెండో రోజు చెయ్యెత్తి "సార్, రాసేది చెబుతారా" అన్నాను. నా పక్కనమ్మాయి కూడా "అవును సార్" అంది. అప్పట్నుంచి చెబుతున్నారు.

ఈ రోజు పాఠం ఒక విలువకి ఎంత దగ్గరికైనా పోతూ, దాన్ని ఎప్పటికీ ముట్టుకోకపోవడం గురించి. గంటసేపు చెప్పారు. నాకు ముక్క అర్థం కాలేదు. కాలేజీ గేటు దగ్గర అమ్మ చెయ్యి పట్టుకుని "ఇవాళేం చెప్పారు, అర్థమైందా" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అమ్మ చెయ్యి బిగిసింది. చూపు పోయిన దగ్గర్నుంచి నాకు ఏది అర్థం కాకపోయినా అందరూ అలాగే బిగుసుకుపోయేవారు. "పోనీలే, నీకు కనపడదు కదా" అనేవారు.

"అలా కాదమ్మా" అన్నాను. "అది కష్టం. క్లాసులో ఒక్కరికీ అర్థం కాలేదు."

దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నానట. అమ్మ రాస్తోంది.

గునపం